తడిసిన బిడ్డ

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు వాళ్ళ చర్చిలో ఏదో ఫారం నింపమన్నారట. బాప్తిస్మం ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, ఇచ్చినవారి పేరేమిటి అని వరుసగా గడులున్నాయి.

"అక్కా, మొదటి రెండూ అమ్మ చెప్పింది. మూడోది నిన్నడగమంది. ఎవరిచ్చారు నాకు?" అన్నాడు.

పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. చిన్నప్పటి నుంచీ నాకిదే జబ్బు. కాలూ నిలవదు, నోరూ నిలవదు. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళుగా నా నోట్లోంచి బయటికి రాలేదు. అది నాకే ఆశ్చర్యం.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో, పదకొండో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖులు మర్చిపోతాయని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగ పుణ్యమా అని గుంటూరు, గోదావరి వైపు నుంచి బోలెడుమంది ప్రోగ్రామర్లు విమానాలెక్కారు. మా నాన్న వాళ్ళలో ఒకరు. కాంట్రాక్టేమో ఆరు నెలలు, ఇంటి అద్దె కాగితమేమో ఏడాది. ఎవరూ ఎక్కడా కుదురుగా ఉండేవాళ్ళు కాదు. ప్రతి ఇంట్లోనూ సూట్‌కేసులు మంచం కిందే, చెయ్యి చాపితే అందేలా ఉండేవి. శుక్రవారం దాకా పక్కింట్లో ఉన్నవాళ్ళు సోమవారానికి ఇంకో దేశంలో తేలేవాళ్ళు. నాకు అప్పటికే మూడు స్కూళ్ళు మారాయి.

మేం పెద్దవాళ్ళను పేరుతో పిలిచేవాళ్ళం కాదు. ఎవరు ఏ పేటలో ఉంటే అదే వాళ్ళ ఇంటిపేరు. బుకిట్ బటోక్ అంకుల్, హౌగాంగ్ ఆంటీ. మమ్మల్ని చోవా చూ కాంగ్ వాళ్ళనేవారు.

ఆదివారం ఎవరి చర్చికి వాళ్ళు పోయేవాళ్ళం. ఇంగ్లీషులో కొందరు, తమిళంలో కొందరు దేవుడితో మాట్లాడి వచ్చేవాళ్ళు. కానీ తెలుగులో నోరారా ఒక కీర్తన పాడుకోకపోతే వారం గడిచినట్టే ఉండదని, శనివారం సాయంత్రం ఐదు కుటుంబాలు బుకిట్ బటోక్ అంకుల్ ఫ్లాట్‌లో కూడేవాళ్ళం. కూడిక అనేవాళ్ళం దాన్ని. అక్కడ ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. మేం లూథరన్లం, చంటిబిడ్డలకే నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తాం, అచ్చువేసిన ఆరాధన క్రమం చూసి ప్రార్థిస్తాం. అంకుల్ వాళ్ళు పెంతెకొస్తు. బంగారం పెట్టుకోరు, పెద్దయ్యాక తెలిసి నమ్మి నిలువునా నీళ్ళలో మునిగితేనే అది బాప్తిస్మం అంటారు. హౌగాంగ్ ఆంటీ వాళ్ళు ఇంకో బాపతు, క్రిస్మస్ కూడా చేసుకోరు. అలాగని డిసెంబరులో ఊరుకునేదా ఆవిడ? రెండు బస్సులు, ఒక ట్రైన్ మారి డబ్బా నిండా గులాబి పువ్వులు వండుకొచ్చేది.

"ఇవి క్రిస్మస్‌వి కాదు, స్కూలు సెలవులవి" అని నా చేతిలో పెట్టేది. కొబ్బరిపాలు, నువ్వులు కలిసిన ఆ వాసన లిఫ్టులోనే తెలిసిపోయేది.

ప్రార్థన మొదలైతే చూడాలి తమాషా. మా నాన్న పుస్తకంలో పేజీ తిప్పుతుంటే, బుకిట్ బటోక్ వాళ్ళు అందరూ ఒక్కసారే గొంతెత్తి ప్రార్థించేవారు. వెంటనే కింది ఫ్లాటు చైనా అవ్వ చీపురు కర్రతో మా నేలను కింది నుంచి పొడిచేది. టక్, టక్, టక్. దాంతో అందరూ గొంతు తగ్గించి, గుసగుసగా హల్లెలూయా అనేవాళ్ళు. నేను కళ్ళు తెరిచి, అంకుల్ ఒక్క ప్రార్థనలో ఎన్నిసార్లు స్తోత్రం అంటారో వేళ్ళమీద లెక్కపెట్టేదాన్ని. అమ్మ కళ్ళు మూసుకునే నన్ను గిల్లేది. ఎలా తెలిసేదో ఆవిడకి.

ఇంతమంది కలిసి ఉండడానికి హౌగాంగ్ ఆంటీ ఒక రూలు పెట్టింది. నీళ్ళ మాట ఎత్తకూడదు. అంటే, చల్లడమా ముంచడమా అన్న గొడవ. ఎవరు ఎత్తితే వాళ్ళు ఆ పూట అందరి కంచాలూ కడగాలి. మామూలుగా అయితే అందరం కలిసి కడిగేవాళ్ళం. ఎక్కువసార్లు ఆ శిక్ష పడింది అంకుల్‌కే. చేపల పులుసు కలుపుకుంటూ కలుపుకుంటూ "అసలు యోర్దాను నదిలో..." అని మొదలుపెట్టేవారు. "బ్రదర్, సింకు!" అని అందరూ ఒక్కసారి అరిచేవాళ్ళు. ఆయన నవ్వి, నోట్లో ముద్ద మింగి, లేచి చొక్కా చేతులు మడుచుకునేవారు.

ఆయన పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎంత ఉక్కలోనూ తెల్లటి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. ఏదో బ్యాంకులో పాత కంప్యూటర్ల మీద పని, ఆదివారం వాళ్ళ సంఘంలో పెద్ద. ఆయన కథ ఆయన భార్య, బుకిట్ బటోక్ ఆంటీయే ఒకరోజు నాకు జడవేస్తూ చెప్పింది. ఆయన పుట్టింది మాలాంటి లూథరన్ ఇంట్లోనేనట. పందొమ్మిదో ఏట కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకుంటే, వాళ్ళ నాన్న "పసితనంలో నీకిచ్చింది అబద్ధమా?" అని అడిగి, అవునన్నందుకు తడిబట్టలతోనే గుమ్మం దాటించాడట. తండ్రి పోయేదాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదట. ఆంటీ అది చెబుతుంటే నాకు ఆయన మీద జాలేసింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఆ ఏడు అమ్మ నీళ్ళోసుకుంది. పుట్టే బిడ్డ బాప్తిస్మం సంగతి ఇంట్లో వస్తే, నాన్న నవ్వుతూ ఒక మాటన్నారు. "బుకిట్ బటోక్ ఆయన్ని రెండుసార్లు తడిపారు, లాండ్రీకి వేసినట్టు. ఇస్త్రీ ఒక్కటే తక్కువ." నాకు ఆ మాట తెగ నచ్చింది. ఎవరికైనా చెబితే గాని నిలవలేనంత నచ్చింది. ఆ శనివారం వంటింట్లో ఆంటీ అప్పడాలు వేయిస్తుంటే, పక్కన నిలబడి ఒకటి విరుచుకు తింటూ చెప్పేశాను. ఆవిడా నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. నూనెలో అప్పడం మాడిపోయింది.

మరుసటి శనివారం అన్నాలకు కూర్చోకముందే అంకుల్ మొదలుపెట్టారు. ఈసారి నవ్వులేదు.

"బ్రదర్, నన్ను లాండ్రీ అన్నా పర్లేదు. నేను ఇల్లొదులుకుంది దానికోసమే. కానీ ఒకటి చెప్తా వినండి. చంటోడి మీద నీళ్ళు చల్లితే వాడు తడిసిన బిడ్డవుతాడు గాని విశ్వాసి అవడు."

నాన్న మొహం ఎర్రబడింది. "మా ఇంటిది కడుపుతో ఎదురుగా కూర్చునుంటే ఆ మాటెలా వచ్చిందండీ మీకు?" అన్నారు. సింకు అని ఎవరూ అరవలేదు. అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. తెచ్చిన పులిహోర గిన్నె మూత తీయకుండానే ఇంటికి మోసుకొచ్చాం. ట్రైన్‌లో నాన్న నా వైపు చూడలేదు. చెప్పింది నేనేనని ఆయనకి తెలుసు. తిడితే బావుండేది. ఆ రాత్రి నుంచి శనివారాలు పోయాయి. ఐదు వారాలో ఆరు వారాలో, కీర్తన లేదు, గులాబి పువ్వుల్లేవు. మిగతా కుటుంబాలు కూడా ఎవరి పక్కన నిలబడాలో తెలియక మానేశాయి. నా మూలంగానే అంతా అయిందని నాకు అన్నం సహించేది కాదు.

అంతలో నాన్నను ఆఫీసువాళ్ళు మనీలా పంపారు, వారం రోజుల పనికి. ఆయన వెళ్ళిన మూడోరోజు పొద్దున, సెలవులు కాబట్టి నేనింట్లోనే ఉన్నాను. అమ్మ వెదురు కర్రకు బట్టలు తొడిగి ఆరడానికి కిటికీ బయటికి తోస్తూ ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కర్ర వదిలేసింది. నాన్న చొక్కాలు పదకొండు అంతస్తులు కిందికి ఎగిరిపోయాయి. అమ్మకు ఏడో నెల.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తమ్ముణ్ణి తీశారు. కిలో పైచిలుకు. ఊపిరి సరిగా అందడం లేదు, సాయంత్రం దాకా చూడాలి, ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. అమ్మ మంచం మీద నుంచి కదలకూడదు. బిడ్డను ఒక్కసారి కూడా చూడలేదు. నాన్నకు కబురందింది గాని విమానం మర్నాటికి గాని లేదు. మేం వెళ్ళే చర్చి అయ్యగారు ఏవో మీటింగులకని మలేషియా వెళ్ళారు. అమ్మ ఏడవలేదు. దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉంది. బాప్తిస్మం లేకుండా బిడ్డ పోతాడని ఆవిడ భయం. పోతాడన్న దానికన్నా అదే పెద్ద భయంలా ఉంది.

"బుకిట్ బటోక్‌కి ఫోన్ చెయ్యి" అంది.

"వాళ్ళకా?"

"చెయ్యవే."

కిందికి పరుగెత్తి నాణెం వేసి చేశాను. ఆంటీ ఎత్తింది. సంగతి చెప్పగానే "ఆయన ఆఫీసు దగ్గరే మీకు. పంపిస్తా, నువ్వు మీ అమ్మ దగ్గరికి పో తల్లీ" అంది. అప్పడాల ఊసెత్తలేదు. ఇరవై నిమిషాల్లో అంకుల్ టాక్సీలో వచ్చారు. ఆఫీసు కార్డు మెళ్ళో వేలాడుతూనే ఉంది.

అమ్మ నాన్చలేదు. "అన్నయ్యగారూ, మాలో ఆపదొస్తే విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చండి. అయ్యగారే అక్కర్లేదు. మీరు నీళ్ళు పొయ్యండి" అంది.

ఆయన నిలబడినవారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "ప్రార్థన చేస్తా చెల్లెమ్మా. చేతులుంచి బిడ్డని దేవుడికి ప్రతిష్ఠ చేస్తా. ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఉపవాసముంటా. అదొక్కటీ నన్నడగమాక."

"ప్రార్థన నేనూ చేస్తున్నాగా. నాక్కావలసింది నీళ్ళు."

"నమ్మకుండా చేస్తే దేవుడి దగ్గర నాటకమాడినట్టవుద్దమ్మా. మా నాన్న నా మొహం చూడకుండా చచ్చిపోయాడు, ఈ మాట మీదే. ఇప్పుడు నేనే ఆ మాట తప్పితే ఆయనకేం జవాబు చెప్పాలి?"

ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆ వయసు మగవాడు అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. అమ్మ మొహం నా వైపు తిప్పింది.

"అయితే నువ్వు పొయ్యి."

"నేనా?"

"నీకు బాప్తిస్మం అయ్యిందిగా. మాటలొచ్చుగా. మూడుసార్లు నీళ్ళు, మూడు పేర్లు. వాడికి తాతగారి పేరు. వెళ్ళు."

నేను తలుపు దాకా వెళ్ళి ఆగాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. "చిన్నపిల్ల. గిన్నెవరు పట్టుకుంటారు దానికి?" అన్నారు అంకుల్. అమ్మను కాదు, గోడను అడిగినట్టు అడిగి, నా వెంట నడిచారు.

పసిపిల్లల గదికి పెద్దవాళ్ళు తోడుంటేనే నన్ను రానిస్తానంది నర్సు. అక్కడ నర్సును మిస్సీ అంటారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమంది. అంకుల్ బొత్తాలు విప్పి చేతులు పైకి మడిచారు. మిస్సీ కాచి చల్లార్చిన నీళ్ళు చిన్న స్టీలు గిన్నెలో పోసి ఇస్తూ "త్రీ డ్రాప్స్ ఓన్లీ ఆ, గర్ల్. బేబీ సో స్మాల్ లా" అంది.

గాజుపెట్టెలో తమ్ముడున్నాడు. ఎర్రగా, నా అరచేయంత వీపుతో, ముక్కులో గొట్టంతో. పక్కటెముకలు ఎగసి ఎగసి పడుతున్నాయి. పెట్టెకు గుండ్రటి కిటికీ. అందులోంచి చెయ్యి పెట్టాలి. నేను వేలు గిన్నెలో ముంచి, లోపల పెట్టి, వాడి పేరు చెప్పి, తండ్రి నామమున అన్నాను. చుక్క నుదుటి మీద పడింది. రెండోసారి కుమారుని నామమున అన్నాను. పడింది. అప్పుడు పక్కనున్న మిషను కూయడం మొదలుపెట్టింది. మిస్సీ వచ్చి ఏదో నొక్కి, పర్లేదంది. కానీ నా చెయ్యి వణకడం మొదలైంది. వేలు ముంచితే నీళ్ళు కిటికీ దాటకముందే రాలిపోయాయి. మళ్ళీ ముంచాను, మళ్ళీ రాలిపోయాయి. నోరు తెరిస్తే మాట రాలేదు. పొద్దస్తమానం వాగే నోరు.

అంకుల్ గిన్నెను ఎడమ చేతికి మార్చుకున్నారు. కుడిచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. నా వేలూ ఆయన వేలూ కలిపి గిన్నెలో ముంచారు. గిన్నె ఒరిగి నీళ్ళు కొన్ని ఆయన మీదే పడ్డాయి, మడత జారి చొక్కా చెయ్యి తడిసింది. రెండు చేతులూ కలిసి ఆ కిటికీలోంచి ఇరుకిరుకుగా లోపలికి వెళ్ళాయి. చుక్క పడింది. పరిశుద్ధాత్మ నామమున అన్న మాట వినబడింది. అది నా గొంతు కాదు.

ఆమేన్ మాత్రం ఇద్దరం అన్నాం.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆయన కింద కొట్టు నుంచి ప్లాస్టిక్ సంచిలో పోసిన మైలో, అదే చాక్లెట్ పాలు, కొనుక్కొచ్చి స్ట్రా వేసి నాకిచ్చారు. నేను తాగలేదు. కాళ్ళు ఊపుతూనే ఉన్నాను.

"ఎవరికీ చెప్పను అంకుల్" అన్నాను.

"చెప్పొద్దని నేననలేదే. ఎవరన్నా అడిగితే నేను అబద్ధమాడను. నువ్వూ ఆడమాక." తడిసిన చొక్కా చెయ్యికి బొత్తాం పెట్టుకుంటూ "నేను నమ్మింది ఏం మారలేదమ్మా. అది కూడా గుర్తుపెట్టుకో" అన్నారు.

"మరెందుకు పట్టుకున్నారు?"

"నీ చెయ్యి వణికింది" అన్నారు. అంతకుమించి ఏమీ లేదన్నట్టు లేచి, అమ్మకు బిడ్డ బాగానే ఉన్నాడని చెప్పడానికి వెళ్ళారు.

అమ్మ "పోశావా?" అని అడిగింది. "పోశాను" అన్నాను. ఎలా పోశావని అడగలేదు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రం గడిచింది. మర్నాడు నాన్న వచ్చారు. తమ్ముడు నలభై రోజులకు పైగా ఆ గాజుపెట్టెలోనే ఉండి, బతికి, ఇంటికొచ్చాడు.

వాణ్ణి ఎత్తుకుని మళ్ళీ శనివారం బుకిట్ బటోక్ వెళ్ళాం. గుమ్మంలో నాన్న, మామూలుగా వందనాలు అనేవారు, ఆరోజు అంకుల్ వాళ్ళ పద్ధతిలో "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అన్నారు. అంకుల్ "వందనాలండీ, వందనాలు" అన్నారు. క్షమాపణలు అంతవరకే. మగవాళ్ళిద్దరూ వెంటనే కంప్యూటర్ల తారీఖుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను ఆంటీ దగ్గరకెళ్ళి తలదించుకుని నిలబడితే, ఆవిడ వేడి అప్పడం నోట్లో పెట్టింది. ఐదు కుటుంబాలూ వచ్చాయి. చీపురు కర్ర టకటకలూ వినిపించాయి. అన్నాలయ్యాయి. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. అయినా అంకుల్ లేచి అందరి కంచాలూ ఒకదాని మీద ఒకటి పేర్చారు.

"అదేంటి బ్రదర్, ఇవాళ మీరు నోరే మెదపలేదుగా!" అంది హౌగాంగ్ ఆంటీ.

"ఇవాళ వంతు నాదేనమ్మా" అని ఆయన సింకు దగ్గరికి వెళ్ళారు. అందరూ నవ్వారు. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన కడిగి ఇస్తుంటే నేను తుడిచాను. అంతసేపు నేను ఒక్కచోట కదలకుండా నిలబడింది నా జీవితంలో అదే మొదటిసారి.

ఆ తర్వాత కూడా ఆయన వాళ్ళ సంఘంలో ఎప్పట్లాగే చెప్పేవారట, పసివాళ్ళకిచ్చేది బాప్తిస్మం కాదని. నాకది అప్పుడు అర్థం కాక కోపం వచ్చేది. తమ్ముడు నడక నేర్చి ఆ ఇంట్లో పరుగులు తీస్తుంటే "ఏరా, తడిసిన బిడ్డా!" అని ఎత్తి భుజాన వేసుకునేవారు. నాన్న కూడా నవ్వేవారు ఆ మాటకు.

రెండేళ్ళు తిరక్కుండా ఆ సందడంతా పోయింది. కంప్యూటర్లు తారీఖులేమీ మర్చిపోలేదు, ఆఫీసులు మాత్రం మనుషుల్ని మర్చిపోయాయి. మంచం కింది సూట్‌కేసులు బయటికొచ్చాయి. హౌగాంగ్ ఆంటీ వాళ్ళు ఆస్ట్రేలియా పోయారు, మేం హైదరాబాద్ వచ్చేశాం. తర్వాత నేను చాలా ప్రార్థనలకు వెళ్ళాను. అక్కడ అందరిదీ ఒకే పద్ధతి, సింకు రూలు అవసరం లేదు. నాకెందుకో అక్కడ ఎక్కువసేపు కూర్చోబుద్ధి కాదు. గుసగుసగా హల్లెలూయా అనే మనుషుల మధ్య మళ్ళీ ఒక్క శనివారం కూర్చోవాలని ఉంటుంది. బుకిట్ బటోక్ వాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయారు. అంకుల్ పోయి రెండేళ్ళవుతోంది.

మొన్న తమ్ముడి ఫోన్ పెట్టేశాక, ఇల్లంతా తిరిగి తిరిగి, చివరికి ఆంటీకి చేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ రోజు జరిగిందంతా చెప్పాను. వేలు, మణికట్టు, మూడో పేరు. ఆవిడ అడ్డు రాకుండా విన్నది.

"తెలుసు తల్లీ" అంది.

"అంకుల్ చెప్పారా?"

"చెప్పలా. ఆ రోజు చొక్కా చెయ్యి తడిసి ఇంటికొచ్చారు. విప్పండి ఆరేస్తానంటే విప్పలా. ఒంటిమీదే ఆరనిచ్చారు. తడిబట్టలతో వాళ్ళ నాన్న గుమ్మం దాటిన సంగతి కూడా నాకు తెలుసుగా. అందుకే అడగలా."

"ఆంటీ, ఫారంలో పేరు రాయాలంట. మీ సంఘంలో తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేస్తారే ఇప్పుడు ఆయన్ని? రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి."

వెంటనే తమ్ముడికి చేశాను. "ఆ గడి ఎంతుందిరా?" అని అడిగాను.

"చిన్నదే అక్కా. ఒక్క పేరు పడుతుంది. ఎందుకు?"

"అయితే చిన్న అక్షరాలతో రాయి. రెండు పేర్లున్నాయి" అని, మొదట ఆయన పేరు చెప్పాను.